వీధి గెలిచింది... తుపాకీ ఏలింది

స్వాతంత్య్రం వచ్చాక తొమ్మిది కుట్రలు చూసిన దేశం బుర్కినా ఫాసో. నియంతను వీధిలోకి వచ్చి దింపినవాళ్లూ, సైనిక కుట్రను వట్టి చేతులతో తిప్పికొట్టినవాళ్లూ ఆ దేశ ప్రజలే. అయినా అక్కడ మళ్లీ మళ్లీ సైన్యమే ఎందుకు గద్దెనెక్కుతోంది?

బుర్కినా ఫాసో రాజధాని వాగడుగు. 2022 సెప్టెంబరు 30, శుక్రవారం. తెల్లవారకముందే తుపాకుల మోత. ఊరు లేచేసరికి ప్రధాన కూడళ్లలో సైనిక వాహనాలు అడ్డంగా నిలబడి ఉన్నాయి. ప్రభుత్వ టీవీ ప్రసారాలు ఆగిపోయాయి. మోటారు సైకిళ్ల నగరమని పేరున్న వాగడుగులో ఆ రోజు రోడ్లు బోసిపోయాయి. ఏం జరిగిందో చెప్పేవాళ్లు లేరు. కానీ ఏం జరిగి ఉంటుందో అందరికీ తెలుసు.

రాత్రికి టీవీ మళ్లీ వెలిగింది. తెర నిండా సైనిక దుస్తులు. కొందరి ముఖాలకు ముసుగులు. ఒక అధికారి కాగితం చూసి చదవడం మొదలుపెట్టారు. దేశాధినేత లెఫ్టినెంట్ కర్నల్ దమీబాను తొలగించాం. రాజ్యాంగాన్ని నిలిపివేశాం. ప్రభుత్వాన్ని రద్దు చేశాం. సరిహద్దులు మూసేశాం. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఐదు దాకా కర్ఫ్యూ.

ఎనిమిది నెలల కిందట, జనవరి 24న, ఇదే టీవీలో ఇలాంటి కాగితాన్నే ఇలాంటి సైనికులే చదివారు. అప్పుడు గద్దెనెక్కిన దమీబా ఇప్పుడు గద్దె దిగారు. ఆయన స్థానంలోకి వచ్చిన కెప్టెన్ ఇబ్రహీం త్రావోరేకి అప్పటికి 34 ఏళ్లు.

ఇవాళ ఆ కెప్టెన్ ప్రపంచమంతటికీ తెలుసు. ఫ్రాన్స్‌ను ధిక్కరిస్తూ ఆయన చేసే ప్రసంగాలు మన ఫోన్లలోకీ వచ్చి పడుతున్నాయి. పేరున్న పాశ్చాత్య గాయకులు ఆయన్ని కీర్తిస్తూ పాడినట్టు కృత్రిమ మేధతో పుట్టించిన పాటలూ తిరుగుతున్నాయి. ఆ వీడియోల్లో హీరో కనిపిస్తాడు. దేశం కనిపించదు. ఆయన కింద, అంతకుముందు ఎనిమిది కుట్రల కింద నలిగిన మనుషులు కనిపించరు. ఈ కథ వాళ్లది.

కూలీల కోసం గీసిన దేశం

ఈ దేశానికి పాత పేరు అప్పర్ వోల్టా. 1919లో ఫ్రెంచివాళ్లు దీన్ని విడి వలసగా గీశారు. 1932లో అక్కర్లేదనుకుని చెరిపేసి ఐవరీ కోస్ట్, ఫ్రెంచ్ సూడాన్, నైజర్‌లకు ముక్కలుగా పంచేశారు. 1947లో మళ్లీ కలిపారు. ఈ మూడు నిర్ణయాల్లో ఒక్కదానికీ అక్కడి ప్రజలను ఎవరూ అడగలేదు.

సముద్రం లేని ఈ నేలలో వలస పాలకులు చూసిన సంపద ఒక్కటే- మనుషులు. పక్కనున్న ఐవరీ కోస్ట్ కాఫీ, కోకో తోటలకూ, రైలు మార్గం పనులకూ ఇక్కడి మగవాళ్లను వెట్టికి తోలుకెళ్లారు. వెట్టి చట్టప్రకారం రద్దయింది 1946లో. సముద్రతీరంలోని అబిజాన్ నుంచి మొదలైన రైలు వాగడుగు చేరింది 1954లో. ఆ రైలు ఎక్కి కూలికి వెళ్లేవాళ్లే తప్ప, అది ఈ దేశానికి మోసుకొచ్చిన పరిశ్రమలు దాదాపు లేవు.

1960 ఆగస్టు 5న స్వాతంత్య్రం వచ్చింది. బడులు, ఆసుపత్రులు, రోడ్లు రాజధాని చుట్టూ నాలుగు అడుగులు వేసి ఆగిపోయాయి. పల్లెలో పుట్టిన తెలివైన కుర్రాడికి పైకెక్కే నిచ్చెన ఒకటే ఉండేది- సైన్యం. ఫ్రెంచి సైన్యంలో ఇండోచైనాలోనూ అల్జీరియాలోనూ పనిచేసి వచ్చిన అధికారులే కొత్త దేశపు సైన్యానికి పెద్దలయ్యారు.

జనం పిలిస్తే వచ్చింది

తొలి అధ్యక్షుడు మోరిస్ యమియోగో. ప్రతిపక్షాన్ని అణిచి ఏకపార్టీ పాలన తెచ్చారు. ఖజానా ఖాళీ అయితే ఉద్యోగుల జీతాల్లో 20 శాతం కోత పెట్టాలనుకున్నారు. అంతకు కొద్ది నెలల ముందే ఆయన రెండో పెళ్లి ఆర్భాటంగా జరిగింది. ఆ పెళ్లి ఖర్చును జనం మరిచిపోలేదు.

1966 జనవరి 3న కార్మిక సంఘాలు వీధిలోకి వచ్చాయి. బాలికల విద్యాలయం నుంచి ఉపాధ్యాయురాలు జాక్లిన్ కీ-జెర్బో తన విద్యార్థినులను వెంటబెట్టుకుని వచ్చారు. రొట్టె, నీళ్లు, ప్రజాస్వామ్యం- ఇవీ వాళ్ల కోరికలు. అధ్యక్ష భవనం ముందు గుమిగూడిన జనం సైన్యమే అధికారం తీసుకోవాలని కేకలు పెట్టారు. సైన్యాధిపతి లెఫ్టినెంట్ కర్నల్ సంగూలే లామిజానా తీసుకున్నారు. ఒక్క చుక్క రక్తం చిందలేదు. ఆయన పద్నాలుగేళ్లు దిగలేదు.

ఆ రోజు పడిన దారి మళ్లీ మారలేదు. కోపం జనానిది, త్యాగం జనానిది, కుర్చీ సైన్యానిది. 1980లో లామిజానాను కర్నల్ సాయే జెర్బో దింపారు. 1982లో జెర్బోను దింపిన బృందం సైన్యంలో వైద్యుడైన జాన్ బాప్టిస్ట్ ఉయెద్రావోగోను కూర్చోబెట్టింది. ఆయన తొమ్మిది నెలలు కూడా నిలవలేదు.

▪ బాక్స్: తొమ్మిది కుట్రలు

• 1966: యమియోగో నుంచి లామిజానాకు.
• 1974: లామిజానా తానే చట్టసభను రద్దు చేసి సర్వాధికారాలూ చేపట్టారు.
• 1980: సాయే జెర్బో.
• 1982: జాన్ బాప్టిస్ట్ ఉయెద్రావోగో.
• 1983: థామస్ సంకారా.
• 1987: సంకారా హత్య. బ్లేజ్ కంపావోరే.
• 2014: ప్రజా తిరుగుబాటు. మధ్యలో దూరిన సైన్యం.
• 2022 జనవరి: దమీబా.
• 2022 సెప్టెంబరు: త్రావోరే.

2015 సెప్టెంబరులో జరిగిన మరో ప్రయత్నాన్ని ప్రజలు వారంలో తిప్పికొట్టారు.

సంకారా అనే ఆశ

1983 ఆగస్టు 4. నిర్బంధంలో ఉన్న మాజీ ప్రధాని కెప్టెన్ థామస్ సంకారా కోసం, ఆయన ప్రాణమిత్రుడు బ్లేజ్ కంపావోరే పో పట్టణం నుంచి కమాండోలతో రాజధాని మీదికి వచ్చారు. సంకారా దేశాధినేత అయ్యారు. వయసు 33.

ఏడాది తిరిగేసరికి దేశానికి బుర్కినా ఫాసో అని కొత్త పేరు పెట్టారు. నిజాయతీపరుల నేల అని దాని భావం. మంత్రుల మెర్సిడెస్ కార్లు అమ్మించి చిన్న రెనో కార్లు ఇప్పించారు. దేశంలో పండే పత్తితో మగ్గం మీద నేసిన ఫాసో దాన్ ఫనీ వస్త్రాన్ని ఉద్యోగులు కట్టుకోవాలన్నారు. ఇంటిచాకిరీ ఎంత బరువో తెలియాలని ఒక రోజు మగవాళ్లనే సంచులు పట్టుకుని సంతకు వెళ్లమన్నారు. బలవంతపు పెళ్లిళ్లకూ, ఆడపిల్లల జననాంగాలు కోసే ఆచారానికీ అడ్డం నిలబడ్డారు.

1987 జులైలో ఆడిస్ అబాబాలో ఆఫ్రికా దేశాధినేతల సమావేశం. వలస పాలకులు నెత్తిన పెట్టిన అప్పులను అందరం కలిసి తిరస్కరిద్దామని సంకారా పిలుపునిచ్చారు. బుర్కినా ఒక్కటే కాదంటే వచ్చే సమావేశానికి తాను ఉండనని కూడా అన్నారు. మూడు నెలలు తిరక్కుండానే ఆ మాట నిజమైంది.

ఆయన పాలనకు చీకటి కోణమూ ఉంది. సమ్మె చేసిన వెయ్యి మందికి పైగా టీచర్లను ఒక్క దెబ్బతో తీసేశారు. కుట్ర ఆరోపణ మీద 1984లో ఏడుగురిని కాల్చి చంపారు. వీధి వీధికీ పుట్టిన విప్లవ రక్షణ కమిటీల్లో తుపాకులు పట్టిన కుర్రాళ్లు పాత కక్షలు తీర్చుకున్నారు. సంఘాలనూ పార్టీలనూ నోరెత్తనివ్వలేదు. ఆయన్ని ప్రేమించినవాళ్లు కూడా తప్పును తప్పని చెప్పే చోటు లేకుండా పోయింది. చివరికి ఆయన మీద గురి పెట్టినప్పుడు, అడ్డుకునే వ్యవస్థ ఒక్కటీ మిగల్లేదు.

▪ బాక్స్: పదిహేను రోజుల టీకా

1984 నవంబరులో సంకారా ప్రభుత్వం ‘టీకా కమాండో’ పేరుతో దేశాన్ని కదిలించింది. తట్టు, మెనింజైటిస్, పచ్చజ్వరం- ఈ మూడింటికీ టీకాలు. దాదాపు రెండు వారాల్లో సుమారు 25 లక్షల మంది పిల్లలకు వేశారు. అంతర్జాతీయ సంస్థలు సైతం అంత వేగంగా అసాధ్యమనుకున్న పని అది.

సహజ మరణమట!

1987 అక్టోబరు 15, గురువారం. ఆ సాయంత్రం సామూహిక వ్యాయామం ఉంది. అందుకని సంకారా క్రీడా దుస్తుల్లోనే సమావేశానికి వచ్చారు. కాసేపటికే సైనికులు చుట్టుముట్టి కాల్పులు జరిపారు. సంకారాతో పాటు మరో పన్నెండు మంది కుప్పకూలారు. రాత్రికి రాత్రే ఊరి చివర శ్మశానంలో పూడ్చేశారు. 37 ఏళ్ల ఆ నాయకుడి మరణ ధ్రువపత్రంలో సహజ మరణమని రాశారు.

కుర్చీలో కూర్చున్నది ప్రాణమిత్రుడు కంపావోరే. ఇరవై ఏడేళ్లు కదల్లేదు.

భార్య మరియం సంకారా పిల్లలతో దేశం విడిచి వెళ్లారు. 1997లో ఆమె వేసిన కేసు ఏళ్ల తరబడి మూలపడింది. కంపావోరే గద్దె దిగాకే సమాధులు తవ్వారు, సాక్షులు నోరు విప్పారు. 2022 ఏప్రిల్ 6న వాగడుగు సైనిక న్యాయస్థానం కంపావోరేకి, ఆయన పరోక్షంలోనే, యావజ్జీవ శిక్ష వేసింది. ముప్ఫై నాలుగేళ్ల నిరీక్షణ అది. ఆ తీర్పు వచ్చేనాటికి కంపావోరే ఐవరీ కోస్ట్‌లో సురక్షితంగా ఉన్నారు.

ఆ ఇరవై ఏడేళ్లలో భయం మొదటిసారి బద్దలైంది ఒక పాత్రికేయుడి చావుతో. అధ్యక్షుడి తమ్ముడి కారు డ్రైవరు నిర్బంధంలో చిత్రహింసలకు చనిపోయాడు. ఆ గుట్టును వారం వారం తన పత్రికలో బయటపెడుతున్న నార్బేర్ జోంగో, 1998 డిసెంబరు 13న సాపూయి దగ్గర కాలిపోయిన కారులో శవమై దొరికారు. వేలాది మంది వీధుల్లోకి వచ్చారు. చదువుకునే పిల్లలు, టీచర్లు, లాయర్లు, తల్లులు. ప్రభుత్వం పడిపోలేదు. కానీ ఒక తరం నిలబడటం నేర్చుకుంది.

తెడ్డు పట్టిన తల్లులు

మళ్లీ పోటీ చేయాలంటే కంపావోరేకి రాజ్యాంగంలోని 37వ అధికరణం అడ్డు. దాన్ని మార్చేందుకు 2014 అక్టోబరులో సిద్ధమయ్యారు. 27న వాగడుగు వీధుల్లోకి వందలాది మహిళలు వచ్చారు. వాళ్ల చేతుల్లో కర్రలు లేవు, రాళ్లు లేవు. వంటింటి తెడ్లు ఉన్నాయి. అక్కడి రోజువారీ తిండి ‘తో’, మన సంకటి లాంటిదే. దాన్ని కలిపే పొడవాటి కొయ్య తెడ్డును ఆడవాళ్లు బయటికి తెచ్చి ఎత్తారంటే, మోసీ తెగ సంప్రదాయంలో మగవాడికి అంతకు మించిన అవమానం లేదు. నీ పెద్దరికం చెల్లిపోయిందని చెప్పడమే అది.

మూడు రోజులకు లక్షల జనం. రాపర్ స్మోకీ, రెగే గాయకుడు సామ్స్‌కె ల జా స్థాపించిన ‘పౌర చీపురు’ ఉద్యమం పిలుపు మీద కుర్రకారు పార్లమెంటు దాకా వెళ్లారు. అక్టోబరు 30న ఆ భవనం మంటల్లో కాలింది. మర్నాడు కంపావోరే పారిపోయారు. ఆ ఉద్యమంలో సుమారు 30 మంది ప్రాణాలు కోల్పోయారు.

అప్పుడూ అదే జరగబోయింది. ఒకరోజు తేడాతో ఇద్దరు సైనికాధికారులు దేశాధినేతను నేనంటే నేనని ప్రకటించుకున్నారు. ఈసారి మాత్రం జనం ఇళ్లకు వెళ్లలేదు. ఆ ఒత్తిడికి తలొగ్గి దౌత్యవేత్త మిషెల్ కఫాండోకు తాత్కాలిక అధ్యక్ష పదవి అప్పగించాల్సి వచ్చింది.

2015 సెప్టెంబరు 16న కంపావోరే కాలపు అంగరక్షక దళం మంత్రిమండలి సమావేశంలోకి చొరబడి అధ్యక్షుణ్నీ ప్రధానినీ బంధించింది. నాయకుడు జనరల్ జిల్బేర్ డియెందేరే. రేడియోల నోరు నొక్కేస్తే కుర్రాళ్లు రహస్య రేడియో నడిపారు. వాడవాడలా టైర్లు కాల్చి దారులు మూసేశారు. కాల్పుల్లో పది మందికి పైగా చనిపోయినా వెనక్కి తగ్గలేదు. జిల్లాల నుంచి మిగతా సైన్యం రాజధానికి కదిలొచ్చింది. మోసీ రాజు మోగో నాబా సమక్షంలో ఇరువర్గాలూ రాజీ పత్రం మీద సంతకాలు చేశాయి. వారం తిరిగేసరికి కుట్ర కుప్పకూలింది.

నవంబరులో ఎన్నికలు జరిగాయి. రోక్ మార్క్ క్రిస్టియన్ కబోరే గెలిచారు. సైన్యం నుంచి రాని నాయకుడు ఓట్లతో గద్దెనెక్కడం ఆ దేశంలో దాదాపు అర్ధ శతాబ్దం తర్వాత అదే మొదటిసారి.

ఇనాటా శిబిరం నుంచి కబురు

ఆ సంబరం ఎక్కువ కాలం నిలవలేదు. అంతకుముందే, 2011లో, లిబియా ప్రభుత్వం కూలింది. అక్కడి ఆయుధాలు ఎడారి దాటి మాలీకి చేరాయి. మాలీ నుంచి జిహాదీ ముఠాలు బుర్కినా ఉత్తర సరిహద్దులోకి దిగాయి. 2016 జనవరిలో వాగడుగు నడిబొడ్డున హోటలు మీదా కేఫ్ మీదా దాడిలో 30 మంది చనిపోయారు. అదే ఏడాది ఉత్తరాన జీబో ప్రాంతంలో స్థానిక మతబోధకుడు మలాం ఇబ్రహీం డికో సొంత దళం కట్టాడు. బడి, ఆసుపత్రి, న్యాయం ఎన్నడూ చేరని పల్లెల్లో, పశువుల దారుల కోసం రైతులకూ ఫులానీ కాపరులకూ గొడవలున్న చోట్ల, తుపాకీ ఇచ్చి పగ తీర్చుకోమనేవాడికి మనుషులు దొరికారు.

2021 నవంబరులో ఇనాటా బంగారు గని దగ్గరి జాండార్మ్ (సైనిక పోలీసు) శిబిరం నుంచి పైఅధికారులకు ఒక సందేశం వెళ్లింది. రెండు వారాలుగా తిండి సరుకులు రాలేదు, చుట్టుపక్కల పశువులను చంపుకుని తింటున్నామని. కాపాడేవాళ్లు రాలేదు. 14వ తేదీ పొద్దున జిహాదీలు వచ్చారు. ఆకలితో ఉన్న 50 మందికి పైగా జవాన్లను చంపేశారు.

సొంత జవాన్లకు అన్నం పంపలేని ప్రభుత్వం మీద దేశం భగ్గుమంది. రెండు నెలలకే కబోరేను సైన్యం దింపితే, తెడ్లు పట్టుకుని నియంతను తరిమిన నగరంలోనే జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల వెనక ఉన్నది సైనిక పాలన మీద మోజు అనుకుంటే పొరపాటు. బతికుంటే చాలన్న నిస్పృహ అది. దమీబా భద్రత ఇస్తానన్నారు. ఇవ్వలేకపోయారు. సెప్టెంబరులో జీబోకు సరుకులు తీసుకెళ్తున్న వాహనాల బారు గాస్కిండే దగ్గర మాటుకు చిక్కింది. నాలుగు రోజులకు త్రావోరే వచ్చారు. ఆయనా అదే మాట అన్నారు.

ఆకులు తిన్న ఊరు

2022 ఫిబ్రవరిలో జీబో దిగ్బంధంలో పడింది. దారులన్నీ ముఠాల చేతిలో. గింజలు అయిపోయాక జనం అడవి ఆకులు ఉడకబెట్టుకుని తిన్నారు. ఆకులు ఏరడానికి ఊరు దాటితే ప్రాణం మీదికి వస్తుంది. 2023 జనవరిలో అర్బిండా దగ్గర అలా ఆకులూ పళ్లూ ఏరుకోవడానికి వెళ్లిన ఆడవాళ్లను, చంకలో పసిపిల్లలతో సహా, సాయుధులు ఎత్తుకెళ్లారు. వారం తర్వాత 60 మందికి పైగా ప్రాణాలతో తిరిగొచ్చారు.

అటు ముఠాలు, ఇటు సైన్యం. 2024 ఫిబ్రవరి 25న నోండిన్, సోరో గ్రామాల్లో సైనికులు ఒక్క రోజే 223 మంది పౌరులను చంపారని, వారిలో 56 మంది పిల్లలున్నారని హ్యూమన్ రైట్స్ వాచ్ వెల్లడించింది. ఆ వార్తను ప్రసారం చేసిన విదేశీ రేడియోలపై ప్రభుత్వం నిషేధం విధించింది. అదే ఏడాది ఆగస్టు 24న బర్సలోగోలో ఊరి రక్షణకు కందకాలు తవ్వుతున్న గ్రామస్థుల మీద జిహాదీలు విరుచుకుపడి వందల మందిని పొట్టన పెట్టుకున్నారు. కందకం తవ్వమన్నది సైన్యమేనని బాధితుల బంధువులు గోడు వెళ్లబోసుకున్నారు.

ఈ మంట సరిహద్దులు ఎరగదు. మన మనుషులనూ తాకింది. పక్కనున్న మాలీలో 2025 జులై 1న కాయెస్ సిమెంటు కర్మాగారం మీద దాడి చేసిన ముఠా ముగ్గురు భారతీయులను ఎత్తుకెళ్లింది.

▪ బాక్స్: అంకెల్లో గాయం

• జనాభా సుమారు 2.3 కోట్లు.
• 2023 నాటికి ఇల్లూవాకిలీ వదిలినవారు 20 లక్షలకు పైగా. ప్రతి పదిమందిలో దాదాపు ఒకరు.
• ఆ ఏడాది మూతపడిన బడులు 6 వేలకు పైనే.
• ఎగుమతుల ఆదాయంలో సింహభాగం బంగారానిది. తర్వాతి వరసలో పత్తి.

కుట్ర కడుపున కుట్ర

త్రావోరే చేసినవి లేవని కాదు. ఫ్రెంచి సైన్యాన్ని 2023లో పంపేశారు. విదేశీ కంపెనీల చేతిలోని కొన్ని బంగారు గనులను ప్రభుత్వపరం చేశారు. కెప్టెన్ జీతమే తీసుకుంటానన్నారు. మాలీ, నైజర్‌లతో కలిసి కొత్త కూటమి కట్టి, పశ్చిమాఫ్రికా దేశాల పాత కూటమి ఎకోవాస్ నుంచి 2025 జనవరిలో తప్పుకున్నారు. వెట్టికి తోలిన వలస పాలకుడి ముందు తలెత్తి నిలబడిన కుర్రాడంటే ఆఫ్రికా యువతకు ఎందుకు అంత అభిమానమో అర్థం చేసుకోవచ్చు. ఆ గాయం నిజం. ఆ కోపం న్యాయం.

అయితే, కుట్రతో వచ్చినవాడికి కుట్ర భయం తప్పదు. తాను నడిచొచ్చిన దారి పక్కవాడికీ తెలుసు. 2023 సెప్టెంబరులో ఒకసారి, 2025 ఏప్రిల్‌లో మరోసారి కుట్రలను భగ్నం చేశామని ప్రభుత్వమే ప్రకటించింది. సరిహద్దులో పోరాడాల్సిన సైన్యం కళ్లు రాజధాని మీదే ఉంటే నష్టపోయేది జీబో, ఇనాటాలే. ఒక్కో కుట్రతో రాజ్యాంగం, న్యాయస్థానం, పత్రిక, సంఘం ఒక్కో మెట్టు దిగజారతాయి. తర్వాతి పాలకుడు తప్పు చేస్తే ఆపేందుకు అవి పనికిరావు. అప్పుడు జనం మళ్లీ సైన్యం వైపే చూస్తారు. అరవై ఏళ్లుగా తిరుగుతున్న విషచక్రం ఇదే.

2015 కుట్రను తిప్పికొట్టినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో చూస్తే ఇది మరింత తేటపడుతుంది. ‘పౌర చీపురు’ వ్యవస్థాపకుల్లో ఒకరైన న్యాయవాది గీ ఎర్వే కామ్‌ను 2024 జనవరిలో వాగడుగు విమానాశ్రయం నుంచి ఎత్తుకెళ్లారు. హక్కుల కార్యకర్త దావుదా డియాల్లో, డెబ్బై ఏళ్ల మాజీ విదేశాంగ మంత్రి అబ్లాసే ఉయెద్రావోగో బలవంతంగా సైనిక దుస్తులు తొడుక్కోవాల్సి వచ్చింది. 2025 మార్చిలో పాత్రికేయ సంఘం నాయకులను పట్టుకెళ్లారు. కొద్ది రోజులకు వీడియోలో వాళ్లూ సైనిక దుస్తుల్లోనే కనిపించారు. ప్రశ్నించడమే వాళ్లు చేసిన నేరం.

దింపే దారి ఉండాలి

సైనిక పాలన గడువు 2024 జులైలో ముగియాల్సింది. ఇంకో ఐదేళ్లు పెంచుకున్నారు. అంటే 2029 దాకా. మాలీ, గినీ, సూడాన్, నైజర్, గబాన్, మడగాస్కర్, గినీ బిస్సావ్- గత ఐదారేళ్లలో ఆఫ్రికాలో సైన్యం గద్దెనెక్కిన దేశాల జాబితా పెరుగుతూనే ఉంది. ప్రతిచోటా అడుగుతున్న ప్రశ్న ఒకటే. ఈ సైనికుడు మంచివాడా, చెడ్డవాడా?

ఆ ప్రశ్న అడిగినన్నాళ్లూ బుర్కినా కథ మారదు. సంకారా అంతటి నిజాయతీపరుడు వచ్చినా మారలేదు. తెల్లదొరను ఎదిరించడం స్వాతంత్య్రంలో సగమే. తప్పు చేసిన సొంత పాలకుణ్ని తుపాకీ సాయం లేకుండా ఇంటికి పంపగలగడం మిగతా సగం. ఆ రెండో సగాన్ని బుర్కినా ప్రజలు 2014లో సాధించారు, 2015లో నెత్తురోడ్చి కాపాడుకున్నారు. ఓట్లతో వచ్చిన ప్రభుత్వం పల్లెకు రక్షణ, జవానుకు తిండి ఇవ్వలేక ఆ విజయాన్ని నిలబెట్టుకోలేకపోయింది. ఓటడిగే ప్రతి ప్రభుత్వానికీ అది పాఠం.

బుర్కినా ఫాసోను అభిమానించేవాళ్లు ఇవాళ నిలబడాల్సింది కెప్టెన్ పోస్టరు పక్కన కాదు. నిర్బంధించిన న్యాయవాది, నోరు నొక్కిన పాత్రికేయుడు, తెడ్డు ఎత్తిన తల్లి- వీళ్ల పక్కన. సైన్యాన్ని బ్యారక్‌కు తిరిగి పంపడం ఎలాగో ఆ దేశంలో ఇప్పటికే ఒకసారి చేసి చూపించినవాళ్లు వీళ్లే.